చిటికెన వేలు ఓర్చుకున్నంత వేడి

మా కొత్తవాడలో ఏ ఇంట్లో చూసినా మగ్గమే. జంపఖానాలు నేసే చప్పుడు పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగదు. అట్లాంటి వాడలో చప్పుడు లేకుండా బతికిన మనిషి ఒకడున్నాడు. పేరు ఐలాచారి. మా ఇంటికి ఎదురుగా, బాట వైపు గదిలో కూర్చుని పగిలిన ఫిడేళ్లను అతికేవాడు. వీణలూ తంబూరాలూ అప్పుడప్పుడు వచ్చేవి కానీ ఫిడేళ్లే ఎక్కువ. ఫిడేలు మీద గీసే కమాను విరిగినా, దాని వెంట్రుకలు ఊడినా ఆయన దగ్గరికే వచ్చేవారు.

ఆయన మా వాడకు వచ్చింది డెబ్బై రెండులోనో మూడులోనో. నర్సంపేట దగ్గరి పల్లె. తండ్రి బండి చక్రాలు, నాగళ్లు చేసే వడ్రంగి. కొడుకు మాత్రం చిన్నప్పుడే హైదరాబాదు పోయి, వాయిద్యాలు బాగుచేసే దుకాణంలో పని నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక భార్య భద్రమ్మను వెంటబెట్టుకుని ఇక్కడ దిగాడు. సామాను ఇంకా బండి మీద ఉండగానే నేను అడిగాను.

“ఫిడేళ్లు వాయించేటోళ్లు ఉన్నకాడికి పోవాలె గని, జంపఖానాలు నేసేకాడికి ఎందుకొచ్చినవ్ తమ్మీ?”

“దారం దొరుకుతదక్కా” అన్నాడు.

“ఫిడేలుకు దారమెందుకు?”

“కమాను కర్ర చీలితే జిగురు పెట్టి, మీద సన్నదారం ఒత్తుగ చుడుత.”

అంతే. మనం అడిగితే ఒక ముక్క చెప్తాడు, అడగకపోతే అదీ లేదు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని నేను, తెలియనిది అడగకపోతే నాకు అన్నం సహించదు. అందుకే ఆయన పని గురించి నాకు తెలిసినంత, ఈ వాడలో ఇంకెవరికీ తెలియదు.

కమానుకు గుర్రం తోక వెంట్రుకలు కావాలి. స్టేషన్ దగ్గరి టాంగావాళ్ల నుంచి తెచ్చుకునేవాడు. ఒకసారి ఒక టాంగా మనిషి ఇంటికే ఒక కట్ట పట్టుకొచ్చాడు. ఐలాచారి దాన్ని వెలుతురులో తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశాడు.

“ఇది ఆడ గుర్రానిది బావా. నాకొద్దు.”

నేను మా అరుగు మీద కండెలు చుట్టుకుంటున్నాను. ఊరుకోలేదు. “ఆడదాని జుట్టు నీకేం పాపం చేసింది తమ్మీ?”

ఆయన తల వంచుకునే చెప్పాడు. “ఆడ గుర్రం ఉచ్చ పోస్తే తోక తడుస్తదక్కా. ఎంటిక కరాబైతది. మగదాని తోకకు ఆ బాధ లేదు.”

టాంగా మనిషి పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఐలాచారి నవ్వలేదు. జోకు చెప్పానన్న సంగతే ఆయనకు తెలియదు.

ఎండాకాలం ఆయనకు పని కాలం. వైశాఖంలో మా వరంగల్ ఎండకు రేకుల కింద పెట్టిన ఫిడేలు చెక్క టప్పున చీలుతుంది. కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి. వాటిని ఆయన బొటనవేలితో వెతికేవాడు. చెక్క మీద వేలు మెల్లగా జరుపుతూ పోతే ఒకచోట ఆగుతుంది. అక్కడ వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. బాగున్న చెక్క ఒక తీరుగా మోగుతుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. పగులు దొరికాక దాన్ని కొద్దిగా తెరిచి, జిగురు ఎక్కించి, తాడుతో బిగించి పక్కన పెడతాడు. లోపలి వైపు పగులుకు అడ్డంగా చిన్న చిన్న చెక్క బిళ్లలు అతికిస్తాడు.

జిగురు సంగతే అసలు సంగతి. తోలు ఉడికించి చేసిన జిగురు అది. సరేసు అంటారు. ఎండిన పలుకులను నీళ్లలో నానబెట్టి, చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను నీళ్లు కాగే ఇంకో గిన్నెలో నిలబెట్టి కరిగిస్తాడు. చల్లగా ఉంటే పగుల్లోకి దిగదు. మరీ కాగితే పైకి ఏమీ తెలియదు కానీ లోపలి సారం చచ్చిపోతుంది. అతుకు రెండు రోజులు నిలబడినట్టే ఉండి తర్వాత విచ్చుకుంటుంది. మరి వేడి ఎట్లా తెలుస్తుంది? ఎడమ చేతి చిటికెన వేలు ముంచి “కాళమ్మ తల్లీ” అనుకోవాలి. ఆ పేరు అయ్యేదాకా ఓర్చుకోగలగాలి, అయ్యాక ఓర్చుకోలేక వేలు దానంతటదే బయటికి రావాలి. వాళ్ల నాయన నేర్పిన లెక్క అది. పేరు సగంలో ఉండగానే వేలు వచ్చేస్తే మంట తీయాలి. పేరు అయినా వేలికి ఏమీ అనిపించకపోతే ఇంకో బొగ్గు వేయాలి.

ఇట్లా పది పన్నెండేళ్లు నడిచింది. హనుమకొండలో పిల్లలకు ఫిడేలు నేర్పే సత్యనారాయణ సారుకు ఈయన చెయ్యి మీద గురి కుదిరింది. ఆయన తనదీ, తన శిష్యులవీ అన్నీ ఇక్కడికే పంపేవాడు. ఐలాచారి పొయ్యి వెలిగేది ఆ సారు పంపే పనితోనే.

ఎనభై ఐదు ఎండల్లో సారు సొంత ఫిడేలు పై చెక్క నిలువునా చీలింది. ఐలాచారి అతికి ఇచ్చాడు. ఆషాఢం దాటకముందే అది విచ్చుకుని వెనక్కి వచ్చింది. మళ్లీ అతికాడు. శ్రావణంలో మళ్లీ వచ్చింది. ఈ మధ్యలో శిష్యులవి కూడా ఒకటొకటిగా తిరిగి వచ్చి గోడకు వరుసగా నిలబడ్డాయి. రెండోసారి సారు ఫిడేలు పట్టుకుని తానే వచ్చాడు. కోపం చేసే మనిషి కాదు. అరుగు అంచున కూర్చున్నాడు.

“చారీ, నవరాత్రుల్లో గుళ్లో నా కచేరి ఉంది. నడిమధ్యలో ఇది నోరు తెరిస్తే నేనేం చేయాలి?”

ఐలాచారి ఫిడేలు అందుకుని పగులు మీద బొటనవేలు జరిపాడు.

“చెక్క పాతదైపోయిందా?”

“చెక్క మంచిదే సారూ.”

“మరి?”

“ఏమో సారూ.”

“ఇదొక్కసారి చూస్తాను. ఈసారీ విచ్చుకుంటే హైదరాబాదు పంపుకుంటాను. పిల్లలవి కూడా. ఏమనుకోకు.”

“ఏమనుకుంట సారూ” అన్నాడు ఐలాచారి.

సారు పోయాక భద్రమ్మ గడప మీద కూలబడింది. “సరేసులో కల్తీ ఉన్నదో ఏమో. వేరే దుకాణంల తేరాదు?” అని అడిగింది. అప్పటికే రెండు దుకాణాలు మార్చానని ఆయన చెప్పాడు. చెక్కకు చెప్పినట్టు, గోడకు చెప్పినట్టు చెప్పాడు.

నాకు మాత్రం ముక్కులో ఒక అనుమానం ఉంది. సరేసు కరిగితే ఒక తీరు వాసన వస్తుంది, పన్నెండేళ్లుగా నాకు అలవాటే. ఈ ఏడు ఆ వాసన మారింది. బాట దాటి మా వంటింట్లోకి వచ్చి, అన్నం ముందు కూర్చున్న మా ఆయన మొగిలయ్యను లేపేస్తోంది. మరునాడు పొయ్యి వెలగడం చూసి కండెలు పక్కన పెట్టి పోయాను.

ఐలాచారి గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతి చిటికెన వేలు జిగురులో ఉంది. పెదవులు కదిలాయి. పేరు అయిపోయింది. వేలు బయటికి రాలేదు. అట్లాగే ఉంచి, కుడి చేత్తో ఇంకో బొగ్గు తోశాడు.

“ఇంక వేడెక్కలేదా తమ్మీ?”

“ఎక్కలే. బొగ్గులు పచ్చిగ ఉన్నట్టున్నయి.”

గిన్నె మీద ఆవిరి లేస్తోంది. నేను వంగి నా వేలు ముంచి, అదే ఊపులో లాక్కుని నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద తోలు కంపు.

“వేలు తియ్యి” అన్నాను.

తీశాడు. గుడ్డతో తుడిచి చూశాను. కొనకు పెద్ద పొక్కు, దాని కింద చితికిన పాత పొక్కు.

“ఇది ఎప్పుడు కాలింది?”

వేలిని ఆయన ఇంకెవరిదో చూసినట్టు చూశాడు. “ఏమో అక్కా. ఉలి తగిలిందేమో అనుకున్న.”

ఆయన ముఖం బాటవైపు ఉన్నప్పుడు నేను ఆ వేలిని గోళ్లతో గట్టిగా గిచ్చాను. ఆయన బాట మీద పోతున్న నూలు బండిని చూస్తూనే ఉన్నాడు. పక్క వేలిని గిచ్చాను. దానిదీ సగం అదే గతి. చొక్కా చెయ్యి పైకి లాగాను. మోచేతి దగ్గర రూపాయంత మచ్చ, తెల్లబారి, ఎండిన ఆకులాగా ఉంది.

వెనకాల చెంబు కింద పెట్టిన చప్పుడైంది. భద్రమ్మ నిలబడి ఉంది. ముగ్గురిలో ఎవరమూ ఆ రోగం పేరు ఎత్తలేదు. పెద్దరోగం అనే మాట మా వాడలో ఎవరూ ఇంట్లో అనరు.

సర్కారు దవాఖానకు ముగ్గురం కలిసి పోయాం. మచ్చలు చూసే ఆమె పేరు అరుణ. చిన్న వయసే. ఐలాచారిని బల్ల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, దూది కొస మెలిపెట్టి పట్టుకుంది.

“ఎక్కడ ముట్టుకుంటే అక్కడ కుడి చేతి వేలు పెట్టి చూపించాలె.”

బొటనవేలు దగ్గర ముట్టుకుంది, చూపించాడు. చూపుడు వేలూ చూపించాడు. ఆ తర్వాత దూది చిటికెన వేలి మీద, అరచేతి అంచు మీద, మచ్చ మీద తిరిగింది. ఐలాచారి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కుడి చెయ్యి గాలిలో ఆగి ఉంది.

కాసేపటికి ఆయనే అడిగాడు. “ముట్టుకోవమ్మా, ఎందుకు ఆగినవ్?”

“ఆగలేదు. అప్పటిసంది ముట్టుకుంటనే ఉన్న” అంది అరుణ.

భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఐలాచారి కళ్లు తెరిచి దూదిని చూశాడు. ఇది కుష్ఠేనంటూ ఆమె అన్నీ చెప్పింది. మందు ఉందనీ, నెలకోసారి వచ్చి తన ముందే కొన్ని మింగాలనీ, తక్కినవి ఇంట్లో రోజూ వేసుకోవాలనీ చెప్పింది. రోగం పోతుందట. మందు మొదలుపెడితే ఇంకొకరికి అంటుకోదట. పోయిన స్పర్శ మాత్రం తిరిగి వస్తుందని చెప్పలేనంది.

ఐలాచారి ఒకటే అడిగాడు. “బొటనేలు గూడ పోతదా?”

“మందు మానకుంటే పోదు.”

“అట్లనా” అన్నాడు.

రిక్షాలో తిరిగి వచ్చి ఇంటి ముందు దిగాక భద్రమ్మ నా చెయ్యి పట్టుకుంది. “వదినె, నీ కాళ్లు మొక్కుత. ఈ ముచ్చట మన నడుమనే ఉండాలె.”

ఉంచాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఐలాచారి పనిముట్లు ముట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మందు వేసుకున్న మొదటి రోజు మూత్రం ఎర్రగా వచ్చిందని భద్రమ్మ పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నేను పోయి అరుణను అడిగితే అది గోలీ రంగు, భయపడొద్దు అంది. ఆ మాట వచ్చి చెప్పాను. భద్రమ్మ దేవుడికి దండం పెట్టింది. ఐలాచారి “సరే” అన్నాడు. ఎరుపైనా సరే, నలుపైనా సరే అన్నట్టుగా. బాధ పడుతున్నాడా అంటే చెప్పలేను. ఆ వేలికి పట్టిందే మనిషంతా పాకినట్టుంది. ఆయనను చూసి చూసి నాకూ ఏడుపు రావడం మానేసింది.

బతుకమ్మ పూలు బజారుకు రావడం మొదలైంది. సారు ఫిడేలు గోడ దగ్గర అట్లాగే ఉంది. నేను ఉండబట్టలేక పోయి కూర్చున్నాను.

“నీ బొటనేలు మంచిగనే ఉన్నది గద తమ్మీ. పగులు దొరుకుతది. వేడి చూసుడొక్కటే గద. నా ఏలు పెడుత, నువ్వు పని మొదలువెట్టు.”

“నీ ఏలు మొద్దుదక్కా” అన్నాడు.

“మొన్న కాలింది గద.”

“అంత కాగితే ఎవలిదైన కాలుతది. జరంత తేడా నీ ఏలు చెప్పది. నూలు గుంజి గుంజి తోలు దొడ్డయింది.”

ఇంకో రోజైతే ఈ మాటకు నేను ఒకటి తగిలించేదాన్ని. అప్పుడు లోపలి నుంచి భద్రమ్మ వచ్చి గిన్నె ముందు కూర్చుంది. ఆమె మా వాడలో పురిటి స్నానాలు పోసే మనిషి. ఎవరింట్లో కాన్పైనా బాలింతకూ పసిపిల్లకూ ఆమె చేతుల మీదుగానే నీళ్లు పడాలి. తొట్టిలో చెయ్యి పెట్టి, ఇవి పిల్లకు, ఇవి తల్లికి అని వేరు చేసేది. ఆమె చెయ్యి తప్పిందని ఎవరైనా అనగా నేను వినలేదు.

సరేసు కరిగాక భద్రమ్మ చిటికెన వేలు ముంచింది.

“పసిపిల్లకు పోసేటంత ఉన్నది.”

“చాలది” అన్నాడు ఐలాచారి. బొగ్గు తోశాడు.

మళ్లీ ముంచింది. పెదవులతో కాళమ్మ పేరు అనుకుంది. అయ్యీ కాగానే వేలు వెనక్కి తీసి విదిలించింది. “బాలింతకు నడుం మీద పోసేటంత ఉన్నది. ఇగ పెంచితే ఓర్వది.”

ఆయన వెంటనే ఫిడేలు తీయలేదు. రెండు టేకు ముక్కలు తీసి అతికి, బిగించి పక్కన పెట్టాడు. మరునాడు వాటిని మోకాలి మీద పెట్టి విరిచాడు. చెక్క విరిగింది, అతుకు విరగలేదు. ముక్కను నాకు చూపించాడు. ముఖంలో ఏమీ లేదు. కానీ లేచి పోయి సారు ఫిడేలు తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

సారం చచ్చిన పాత జిగురంతా వేడినీళ్ల గుడ్డతో కడిగాడు. పగులు పొడుగునా బొటనవేలు పెట్టి నొక్కుతూ వదులుతూ ఉంటే, భద్రమ్మ చూసిన జిగురు లోపలికి దిగింది. వాళ్లిద్దరి మధ్య మాటలు “తియ్యి”, “పెట్టు”, అంతే.

సారు రావలసిన రోజు పొద్దున్నే ఐలాచారి నన్ను పిలిచాడు. ఆయన నన్ను పిలవడం అరుదు.

“అక్కా, సారుకు చెప్పాల్నా?”

“ఏం చెప్తవ్? చెప్పకు. అంటుకోదని అరుణ చెప్పలేదా?”

“చెప్పింది.”

“మరేంది? పని చూసి తీస్కపోతడు. నోరు మూస్కొని ఉండు.”

“ఆయన దాన్ని గదువ కింద పెట్టుకుంటడక్కా” అన్నాడు.

సారు వచ్చేసరికి నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలతో వరుసలో ఉన్నారు. లోపలికి రమ్మని భద్రమ్మ అంటూనే ఉంది. సారు ఎప్పటిలాగే అరుగు మీదే కూర్చున్నాడు. ఫిడేలు చేతికి ఇవ్వకముందే ఐలాచారి చెప్పేశాడు. గొంతు తగ్గించడం ఆయనకు తెలియదు. గొంతు పెంచడమూ తెలియదు.

“సారూ, నాకు పెద్దరోగం వచ్చింది. చిటికెనేలుకు వేడి తెలుస్తలేదు. అందుకే జిగురు కాగిపోయింది, మీ చెక్క విచ్చుకున్నది. మందు తింటాన. అంటదని చెప్పిండ్రు. తెలిసి తీస్కపోండ్రి.”

నల్లా దగ్గర మాటలు ఆగిపోయాయి. బిందె నిండి నీళ్లు కారిపోతున్న చప్పుడు వినిపించింది.

సారు చాలాసేపు కండువా కొనను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు. “మరి ఈసారి వేడి ఎవరు చూశారు?”

“మా ఇంటామె.”

సారు భద్రమ్మను చూశాడు. ఆమె తల వంచుకుంది. ఆయన ఫిడేలు తీసుకుని, తీగలు బిగించి, గడ్డం కింద పెట్టుకుని కమాను లాగాడు. నాకు సంగీతం తెలియదు. బొంగురు లేదని మాత్రం తెలిసింది. ఇంకేమీ అనకుండా పెట్టెలో పెట్టుకుని పోయాడు.

నవరాత్రుల్లో గుడికి పోయి నేను కచేరి అయ్యేదాకా కూర్చున్నాను. ఫిడేలు నిలబడింది. వచ్చి చెప్తే ఐలాచారి “నిలవడ్తది” అన్నాడు. దీపావళి దాటాక సారు మనిషి ఒకడు రిక్షాలో రెండు ఫిడేళ్లూ ఒక తంబూరా తెచ్చి దించాడు. ఎవరూ ఎదురుచూడలేదు కాబట్టి ఎవరూ సంతోషించలేదు. ఐలాచారి ఒక ఫిడేలు ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో పగులు వెతకడం మొదలుపెట్టాడు.

నల్లా దగ్గర విన్న మాట మాత్రం వాడంతా తిరిగింది. ఎవరూ ముఖం మీద ఏమీ అనలేదు. పలకరింపులు ఉన్నాయి, పండక్కి పసుపు కుంకుమలు ఉన్నాయి. కానీ ఆ కార్తీకంలో పొరుగున ఉండే సమ్మమ్మ కోడలు ప్రసవిస్తే నీళ్లు పోయడానికి భద్రమ్మను పిలవలేదు. కరీమాబాదు నుంచి వేరే ఆమెను తెచ్చుకున్నారు. ఆ తర్వాత జరిగిన కాన్పుకూ పిలవలేదు. నేను సమ్మమ్మను నిలదీశాను.

“రోగం ఆయనకు. ఆమె చేతికేమైంది?”

“ఆమె చేతికేం కాలేదక్కా. పసిపిల్ల గద, ఎందుకని” అంది సమ్మమ్మ. ఆ పైన నేను ఎన్ని అడిగినా అదే మాట.

భద్రమ్మ ఈ సంగతి నాతో ఎన్నడూ ఎత్తలేదు. ఒక పొద్దున నేను పోయేసరికి ఇద్దరూ గిన్నెకు చెరోవైపు కూర్చుని ఉన్నారు. ఆమె చిటికెన వేలు జిగురులో ఉంది. రెండిళ్ల అవతల సమ్మమ్మ వాకిట్లో పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నీళ్లు వేడెక్కువైనప్పుడు పిల్లలు ఏడ్చే ఏడుపు అది. అది భద్రమ్మకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఆమె తల ఎత్తి అటు చూసింది. ఏడుపు ఆగేదాకా చూసింది.

“ఎట్లున్నది?” అని అడిగాడు ఐలాచారి.

వేలు తీసి కొంగుకు తుడుచుకుంది. “సరిపోయింది. మంట తియ్యి” అంది.

ఆయన మంట తీశాడు.